చేపమనుషుల దీవి: ఒక సినిమా, మూడు పేర్లు, రెండు ఆరంభాలు

1979 జనవరిలో ఇటలీలో ‘లిజొలా దెల్యీ ఉవోమినీ పెషె’ అనే సినిమా విడుదలైంది. ఆ పేరుకు ‘చేపమనుషుల దీవి’ అని అర్థం. మరుసటి ఏడాది అదే సినిమా ‘సమ్‌థింగ్ వెయిట్స్ ఇన్ ద డార్క్’ అన్న పేరుతో, ఇటలీ ప్రేక్షకులు చూసి ఎరగని కొత్త ఆరంభ ఘట్టంతో అమెరికాలో ప్రత్యక్షమైంది. అక్కడ జనం ఆదరించకపోవడంతో 1981లో ‘స్క్రీమర్స్’ అని మళ్ళీ పేరు మార్చుకుని, కథతో ఏ సంబంధమూ లేని ప్రకటనను వెంటేసుకుని మరోసారి థియేటర్లకు వెళ్ళింది. దర్శకుడు సెర్జో మార్తీనో. ఆయన తీసిన సినిమా ఒక్కటే. జనం చూసినవి మాత్రం ఒకదానికొకటి పూర్తిగా పోలని రెండు సినిమాలు.

ఇలాంటి చిత్రాల గురించి మాట్లాడేటప్పుడు ‘చవకబారు నకలు’ అని ఒక్క మాటతో తేల్చేయడం పరిపాటి. ఆ మాటలో అబద్ధం లేదు గానీ, దానివల్ల మనకు తెలిసేది కూడా ఏమీ లేదు. ఈ సినిమాలో ఒకప్పటి హాలీవుడ్ పెద్దనటుడు మంచం పట్టిన శాస్త్రవేత్తగా ఎందుకు కనిపిస్తాడు, జేమ్స్ బాండ్ సరసన నటించిన నాయిక కరీబియన్ దీవిలో ఏం చేస్తుంటుంది, ఆ కరీబియన్ సముద్రం నిజానికి సార్డీనియా తీరం ఎందుకయింది, చేపమనుషుల కథలోకి మునిగిపోయిన అట్లాంటిస్ నగరం ఎందుకొచ్చి పడింది అన్న ప్రశ్నలు వేసుకుంటే, ప్రతిదాని వెనుకా ఒక లెక్క కనబడుతుంది. ఆ లెక్కలను ఒక్కొక్కటిగా విప్పి చూడకుండా ఈ సినిమా మంచిచెడ్డలు తూచడం కష్టం.

ముందుగా కథ. కాలం 1891. ఖైదీలను తీసుకుపోతున్న ఓడ ఒకటి కరీబియన్ సముద్రంలో మునిగిపోతుంది. ఓడలోని సైనిక వైద్యుడు క్లోద్ ద రాస్, అతనితోపాటు కొద్దిమంది ఖైదీలు చిన్న పడవలో ప్రాణాలు దక్కించుకుంటారు. రాత్రివేళ నీళ్ళలోంచి వచ్చిన ఏవో ఆకారాలు పడవను తలకిందులు చేయగా, మిగిలినవారు పటంలో లేని ఒక దీవి ఒడ్డుకు చేరతారు. ఆ దీవిని ఎడ్మండ్ రాకమ్ అనే పెద్దమనిషి ఏలుతుంటాడు. అతని బంగళాలో అమాండా అనే యువతి, ఆమె తండ్రి ప్రొఫెసర్ మార్విన్, వూడూ పూజలు చేసే షకీరా అనే స్త్రీ ఉంటారు. ప్రొఫెసర్ మనుషులను నీటిలోనూ నేలమీదా బతకగలిగే జీవులుగా మార్చే ప్రయోగాలు చేస్తుంటాడు. మానవజాతికి మేలు చేస్తున్నానని మనస్ఫూర్తిగా నమ్ముతుంటాడు. రాకమ్‌కు మాత్రం ఆ జీవులు కావలసింది వేరే పనికి: సముద్రగర్భంలో ఉన్న అట్లాంటిస్ శిథిలాలలోని నిధిని పైకి మోయించడానికి. ప్రొఫెసర్ ఆరోగ్యం దెబ్బతింటోంది గనుక, అతన్ని బతికించి ఉంచడానికి రాకమ్‌కు వైద్యుడు అవసరమవుతాడు. క్లోద్‌కు ఆ బంగళాలో మర్యాద దక్కడానికి కారణం అదే.

ఈ కథలో ఏయే కథలు కలిసి ఉన్నాయో గుర్తుపట్టడానికి పెద్దగా శ్రమపడనక్కరలేదు. దీవిలో మనిషికీ జంతువుకూ మధ్య గీత చెరిపేసే శాస్త్రవేత్త హెచ్.జి. వెల్స్ 1896లో రాసిన ‘ది ఐలండ్ ఆఫ్ డాక్టర్ మొరో’ నుంచి వచ్చాడు. నీళ్ళలోంచి లేచే పొలుసుల మనిషి 1954 నాటి ‘క్రీచర్ ఫ్రమ్ ద బ్లాక్ లగూన్’ను తలపిస్తాడు. అగ్నిపర్వతం, మునిగిన నగరం, నిర్జన దీవి మీద దారితప్పిన బృందం అన్నవి జూల్ వెర్న్ నవలల సొత్తు. వెల్స్ నవల 1977లో అమెరికాలో బర్ట్ లాంకస్టర్ ప్రధానపాత్రగా మళ్ళీ సినిమాగా వచ్చిందన్న సంగతి, 1975లో ‘జాస్’ వచ్చాక సముద్రం నుంచి పుట్టే భయానికి ప్రపంచమంతటా గిరాకీ ఏర్పడిందన్న సంగతి కలిపి చూస్తే, 1979లో రోమ్‌లో ఒక నిర్మాత చేపమనుషుల వైపు ఎందుకు చూశాడో అర్థమవుతుంది.

ఇక్కడే ఇటాలియన్ సినీరంగంలో అందరూ వాడే ఒక మాట తెలుసుకోవాలి: ‘ఫిలోనె’. గనిలో ఖనిజం సాగే పాయను ఇటాలియన్‌లో అలా అంటారు. ఒక సినిమా డబ్బు తెచ్చిందంటే అక్కడ పాయ తగిలినట్టు లెక్క. ఇక ఆ పాయ ఎండిపోయేదాకా అందరూ తవ్వుతూనే ఉంటారు. 1958లో స్టీవ్ రీవ్స్ హెర్క్యులిస్‌గా నటించిన చిత్రం ఆడగానే పురాణవీరుల చిత్రాలు కొన్నేళ్ళపాటు వరుసగా వచ్చాయి. 1964లో సెర్జో లియోనె తీసిన కౌబాయ్ చిత్రం తర్వాత ఆ తరహావి వందలలో తయారయ్యాయి. 1970లో దారియో అర్జెంతో మొదటి చిత్రం విజయం సాధించాక ‘జాల్లో’ అని పిలిచే హత్యా రహస్య చిత్రాల వంతు వచ్చింది. ఆపైన పోలీసు కథలు, నరమాంస భక్షకుల కథలు, జాంబీ కథలు, ప్రళయానంతర ప్రపంచపు కథలు. అమెరికాలో ఒక జాతి చిత్రం దశాబ్దాల తరబడి మెల్లగా ఎదిగి మెల్లగా వాడిపోతే, ఇటలీలో మూడు నాలుగేళ్ళలోనే పుట్టి, కాసి, ఎండిపోయేది. అందువల్ల అక్కడి రచయితలకు, దర్శకులకు ఒక ప్రత్యేకమైన నేర్పు అబ్బింది. ఏ పాయ ఎప్పుడు ఎండిపోతుందో తెలియదు కాబట్టి, ఒకే సినిమాలో రెండు మూడు పాయలను కలిపి తవ్వడం వాళ్ళు అలవాటు చేసుకున్నారు. చేపమనుషుల కథలో అట్లాంటిస్, వూడూ, ఖైదీల పడవ, పిచ్చి శాస్త్రవేత్త అన్నీ ఒకచోట చేరడానికి కారణం రచయితల అజాగ్రత్త కాదు. పంపిణీదారుడు అడిగినప్పుడు ప్రతి ఒక్కరికీ ఏదో ఒకటి ఉందని చెప్పగలగడమే దాని పరమార్థం.

రచయితలు అనామకులు కారన్నది కూడా గుర్తుంచుకోవాలి. స్క్రీన్‌ప్లే రాసినవారిలో చేజరే ఫ్రుగోనీ, మార్తీనోలతోపాటు సెర్జో దొనాతీ ఉన్నాడు. లియోనె తీసిన ‘వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ ద వెస్ట్’ స్క్రీన్‌ప్లేలో లియోనెతో పాలుపంచుకున్నవాడు ఆయనే. 1977లో డీనో ద లారెంతీస్ నిర్మించిన ‘ఓర్కా’ అనే తిమింగలం చిత్రానికి కూడా ఆయన రచయితలలో ఒకడు. అంటే సముద్రజీవుల పాయలో ఆయన అప్పటికే ఒకసారి తవ్వి వచ్చినవాడన్నమాట.

ఇప్పుడు డబ్బు సంగతి. ఇటలీలో 1955లో దాదాపు 82 కోట్ల సినిమా టిక్కెట్లు అమ్ముడయ్యాయి. ఆనాటి ఐరోపాలో అది సామాన్యమైన సంఖ్య కాదు. థియేటర్లకు అంచెలు ఉండేవి: పెద్ద నగరాల్లో కొత్త సినిమాలు ఆడే ‘ప్రీమా విజియోనె’, ఆ తర్వాతి ‘సెకొందా విజియోనె’, ఊళ్ళల్లోనూ పేటల్లోనూ తక్కువ టిక్కెట్టుతో పాత ప్రింట్లు ఆడే ‘తెర్జా విజియోనె’. మార్తీనోలాంటి దర్శకుల సినిమాలకు ఆదాయం ప్రధానంగా కింది అంచెల నుంచే వచ్చేది. అక్కడి ప్రేక్షకుడు విమర్శకుల మాట విని సినిమాకు వచ్చేవాడు కాడు. వారానికి రెండు మూడుసార్లు రావడం అతని అలవాటు. ఆ అలవాటు మీదే మొత్తం వ్యాపారం నిలబడి ఉండేది. 1976లో ఇటలీ రాజ్యాంగ న్యాయస్థానం స్థానిక ప్రసారాలపై ప్రభుత్వ గుత్తాధిపత్యాన్ని తొలగించడంతో, దేశమంతటా ప్రైవేటు టీవీ కేంద్రాలు పుట్టుకొచ్చి, పగలూ రాత్రీ సినిమాలు ప్రసారం చేయసాగాయి. 1975లో సుమారు 51 కోట్లుగా ఉన్న టిక్కెట్ల అమ్మకం 1980 నాటికి 24 కోట్లకు పడిపోయింది. అయిదేళ్ళలో సగానికి పైగా ప్రేక్షకులు ఇళ్ళలో కూర్చుండిపోయారు. ‘చేపమనుషుల దీవి’ ఆ పతనం మధ్యలో విడుదలైన సినిమా.

స్వదేశంలో ఆదాయం తగ్గినకొద్దీ విదేశీ అమ్మకాల మీద ఆధారపడడం పెరిగింది. తెలుగు సినీ వ్యాపారంలో ఏరియాల వారీ బయ్యర్లు, మినిమమ్ గ్యారంటీలు ఎలా నడుస్తాయో ఎరిగినవారికి అక్కడి పద్ధతిని వివరించడం తేలిక. ఇటలీలో కూడా నిర్మాత తన సొంత సొమ్ముతో సినిమా తీసేవాడు కాదు. సినిమా ఎలా ఆడినా ఇంత సొమ్ము ఇస్తామని ప్రాంతీయ పంపిణీదారులు ముందుగా రాసిచ్చే ‘మీనిమో గరంతీతో’, అంటే అక్షరాలా మినిమమ్ గ్యారంటీ పత్రాలను, చూపించి అప్పు తెచ్చేవాడు. విదేశీ హక్కులు కూడా అలాగే షూటింగ్ మొదలుకాకముందే అమ్ముడయ్యేవి. అప్పటికి సినిమా లేదు. ఉన్నదల్లా ఒక పేరు, ఒక పోస్టరు బొమ్మ, ఇద్దరు ముగ్గురు నటుల పేర్లు. కొనేవాడు వీటిని చూసే కొనాలి. కాబట్టి నటుల ఎంపిక అన్నది పాత్రకు ఎవరు నప్పుతారన్న ప్రశ్నకు మునుపే, ఏ దేశంలో ఎవరి పేరు చెల్లుతుందన్న ప్రశ్నగా మారిపోయేది.

అలా చూస్తే ఈ సినిమాలోని నటుల జాబితాను ధరల పట్టికలా చదువుకోవచ్చు. అమాండాగా నటించిన బార్బరా బాక్ 1977లో బాండ్ చిత్రం ‘ద స్పై హూ లవ్డ్ మి’లో నాయిక, ఆ ముఖం ప్రపంచంలో ఏ మూలనైనా పోస్టరు మీద పనికొస్తుంది. ప్రొఫెసర్ మార్విన్‌గా నటించిన జోసెఫ్ కాటన్ ఆర్సన్ వెల్స్ ‘సిటిజన్ కేన్’లోనూ, కారల్ రీడ్ ‘ద థర్డ్ మాన్’లోనూ చిరస్మరణీయమైన పాత్రలు పోషించినవాడు. అప్పటికి ఆయనకు డెబ్బై దాటాయి. ఇటలీలో ఆయనకిది మొదటి శాస్త్రవేత్త పాత్ర కూడా కాదు. 1971లో ‘లేడీ ఫ్రాంకెన్‌స్టైన్’లో బారన్ ఫ్రాంకెన్‌స్టైన్‌గా కనిపించాడు. పాత్రను మంచానికి, ప్రయోగశాలకు పరిమితం చేయడంలో ఒక సౌకర్యం ఉంది: ఖరీదైన నటుడి చేత కొద్దిరోజులే పని చేయించుకుని, పేరును మాత్రం పోస్టరు నిండా వాడుకోవచ్చు. ఇలా చెబితే కాటన్‌ను చిన్నబుచ్చినట్టు అనిపించవచ్చు గానీ, తెరమీద ఆయన అలసట పాత్రకు ఉపకరించింది. తాను చేసిన ఘోరాన్ని పుణ్యకార్యమని నమ్ముతూ కన్నుమూయబోతున్న మనిషి ఎలా మాట్లాడతాడో అలాగే మాట్లాడతాడు.

రాకమ్ పాత్రధారి రిచర్డ్ జాన్సన్ ఇంగ్లండు రంగస్థలం నుంచి వచ్చిన నటుడు, 1963 నాటి ‘ద హాంటింగ్’లో ముఖ్యపాత్రధారి. అదే 1979లో ఆయన లూచో ఫుల్చీ తీసిన ‘జాంబీ 2’లోనూ మరో దీవిలో వైద్యుడిగా కనిపిస్తాడు, మార్తీనో తర్వాతి చిత్రం ‘ఇల్ ఫ్యూమె దెల్ గ్రాందె కైమానో’ (పెద్ద మొసలి నది)లోనూ ఉన్నాడు. ఇలా ఒకే నటులు ఒక అడవి నుంచి మరో దీవికి, అక్కడి నుంచి మరో నదికి మారుతూ ఉండడం ఈ పరిశ్రమలో సర్వసాధారణం. నాయకుడు క్లౌదియో కస్సినెల్లి కూడా 1978లో ఉర్సులా ఆండ్రెస్‌తో వచ్చిన మార్తీనో నరమాంస భక్షకుల చిత్రంలోనూ, ఈ దీవిలోనూ, ఆపైన మొసలి నదిలోనూ వరుసగా కనిపించాడు. ఈ మూడింటినీ కలిపి మార్తీనో సాహసత్రయం అని పిలుచుకోవడం అభిమానులకు అలవాటు.

మార్తీనో 1938లో రోమ్‌లో పుట్టాడు. తాతగారు జెన్నారో రిగెల్లి 1930లో ఇటలీ తొలి టాకీ ‘లా కంజోనె దెల్లమోరె’కు దర్శకుడు. అన్న లుచానో మార్తీనో నిర్మాత. ఆయన దానియా ఫిల్మ్ పతాకం మీదే సెర్జో చిత్రాలు చాలావరకు వచ్చాయి, ఈ చిత్రం సహా. ఇంటిలోనే నిర్మాత ఉండడం దర్శకుడికి వరమూ, బంధమూ కూడా. 1971 నుంచి 1973 వరకు మార్తీనో తీసిన జాల్లో చిత్రాలను ఈనాడు ఆ జాతిలోని ఉత్తమమైనవాటి సరసన లెక్కిస్తున్నారు. తర్వాత పోలీసు చిత్రాలు, హాస్యచిత్రాలు, సాహసచిత్రాలు: పాయ ఎటు సాగితే ఆయన అటు సాగాడు. తనదంటూ ఒకే ముద్ర లేని దర్శకుడని కొందరు ఆయన్ను తక్కువ చేస్తారు. నా దృష్టిలో ఆయన ముద్ర మరోచోట ఉంది. కథ ఎంత అసంబద్ధమైనా, పాత్రలు ఎక్కడ నిలబడ్డాయో, ఎటునుంచి ఎటు వెళుతున్నాయో, ప్రమాదం ఏ వైపు నుంచి వస్తుందో ప్రేక్షకుడికి ఎప్పుడూ స్పష్టంగా తెలిసేలా తీయడం ఆయనకు వచ్చు. తక్కువ ఖర్చు సినిమాలలో అది కనబడేంత సులువైన విషయం కాదు.

షూటింగ్ సంగతికి వస్తే, కరీబియన్‌కు వెళ్ళాలంటే ఓడలూ విమానాలూ హోటళ్ళూ కావాలి. సార్డీనియా ఇటలీలోదే, అక్కడి పడమటి తీరంలో ఆల్గెరో పట్టణం దగ్గర కాపో కాచా అనే నిట్టనిలువు సున్నపురాతి కొండ సముద్రంలోకి చొచ్చుకొని ఉంటుంది. దాని కడుపులో నెప్ట్యూన్ గుహ ఉంది. లోపల ఉప్పునీటి కొలను, ఆ కొలను మీదికి వేలాడే రాతి ఊడలు, స్తంభాలు. కొండ మీది నుంచి గుహ ద్వారానికి 654 మెట్లు దిగి వెళ్ళాలి, లేదా ఆల్గెరో నుంచి పడవలో రావాలి. స్టూడియోలో అలాంటి గుహను కట్టాలంటే సినిమా మొత్తం ఖర్చు దానికే చాలదు. ప్రకృతి కట్టిపెట్టిన గుహకు కావలసింది దీపాలు మాత్రమే. తీరప్రాంత దృశ్యాలను సార్డీనియాలో, లోపలి దృశ్యాలను రోమ్‌లోని దె పావొలిస్ స్టూడియోలో తీశారు. కళాదర్శకుడు మాస్సిమో ఆంతొనెల్లో గెలెంగ్ రాకమ్ బంగళాను, ప్రయోగశాలను తీర్చిదిద్దిన తీరు చూస్తే, సినిమా పెట్టుబడి ఎంతో ఊహించడం కష్టమవుతుంది. నీటి అడుగున అట్లాంటిస్ మాత్రం బొమ్మ నగరమేనని చూడగానే తెలుస్తుంది. అయినా మసక నీటిలో దానిమీదుగా చేపమనుషులు ఈదుకుంటూ పోతున్నప్పుడు, అది బొమ్మ అన్న ఎరుక ఆ దృశ్యాన్ని పాడుచేయదు.

చేపమనుషుల విషయంలో అంత ఉదారంగా ఉండలేం. వాళ్ళు రబ్బరు తొడుగుల్లో ఉన్న మనుషులు. ముఖం కదలదు, కళ్ళు రెప్పవేయవు, పొలుసులు చర్మంలా కాక తొడుగులాగే ముడతలు పడతాయి. తొడుగు వేసుకున్న మనిషిని తీసేటప్పుడు పాటించవలసిన నియమం ఒకటే: ఎంత తక్కువ చూపిస్తే అంత మంచిది. మార్తీనో మొదటి అరగంట ఆ నియమాన్ని నిష్ఠగా పాటించాడు. పడవ అంచు మీద పడిన గోళ్ళ చెయ్యి, నీటి మీద కదిలిన నీడ, పొగమంచులో వినిపించిన శబ్దం, అంతవరకే. రెండో సగంలో కథకు చేపమనుషులు పనివాళ్ళుగా, గుంపుగా, నిండు వెలుతురులో కావలసి రావడంతో ఆ గుట్టు బయటపడిపోయింది. ఇది బడ్జెట్ చేసిన తప్పు కాదు, కథ చేసిన తప్పు. భయపెట్టే జీవిని బానిసగా మార్చిన మరుక్షణం దాన్ని దాచి ఉంచడం కుదరదు.

అయితే ఆ తప్పులోంచే ఈ సినిమాలోని అత్యుత్తమ ఘట్టం పుట్టింది. రాత్రివేళ అమాండా ఒంటరిగా నీటి ఒడ్డుకు వెళుతుంది. ఆమె చేతిలో పాలలాంటి తెల్లని మందు ఉంటుంది. నీళ్ళలోంచి చేపమనుషులు ఒక్కొక్కరే లేచి వచ్చి ఆమె చేతి నుంచి దాన్ని తాగుతారు. ఆ మందు లేకపోతే వాళ్ళు బతకలేరు; వాళ్ళను రాకమ్‌కు కట్టిపడేసిన గొలుసు అదే. ఇందులో భయం లేదు, వెగటు లేదు, ఒక విచిత్రమైన లాలన ఉంది. పశువుల కొట్టంలో కుడితి పెట్టే దృశ్యాన్ని చూసినవారికి ఆమె నిలుచున్న తీరులో, ఆ జీవులు తోసుకోకుండా వంతు కోసం ఆగిన తీరులో ఏదో పరిచితమైనది తోస్తుంది. ఒకప్పుడు మనుషులైనవారు మెడ వంచి తాగుతున్నారన్న ఎరుక ఆ తర్వాత కలుగుతుంది. వెల్స్ నవలలో శాస్త్రవేత్త మృగాలను మనుషులుగా మార్చి వాళ్ళకు నియమాలు నేర్పుతాడు. మార్తీనో బృందం దాన్ని తిరగేసి, మనుషులను జలచరాలుగా మార్చి కూలి చేయించింది. సముద్రం అడుగు నుంచి బంగారం మోసే ఆ కూలీల వెనుక, తెల్లదొర బంగళా ముందు, కరీబియన్ చరిత్ర నీడ పడుతుంది. రచయితలు అది ఉద్దేశించారో లేదో గానీ, 1891 అనే కాలాన్ని, తోటల యజమానిలా దుస్తులు ధరించిన రాకమ్‌ను ఎంచుకున్న తర్వాత ఆ నీడను తప్పించుకోవడం వారి చేతుల్లో లేదు.

ఆ నీడను సినిమా అర్థం చేసుకుందని మాత్రం అనలేం. జమైకాలో పుట్టిన బెరిల్ కన్నింగ్‌హామ్ పోషించిన షకీరా పాత్ర జోస్యాలు చెప్పడానికి, కోళ్ళను బలివ్వడానికి, కెమెరా వైపు తీక్షణంగా చూడడానికి మాత్రమే ఉంది. వూడూ అనేది హైతీ ప్రజల మతమన్న స్పృహ ఆ కాలపు ఇటాలియన్ సాహసచిత్రాలలో దేనిలోనూ కనిపించదు, దీనిలోనూ కనిపించదు. అది వాళ్ళకు కాగడా, పుర్రె, డప్పుల మోత; అంతే.

ధ్వని గురించి చెప్పుకోవలసింది మరొకటి ఉంది. ఆనాటి ఇటాలియన్ సినిమాలలో షూటింగ్ సమయంలో రికార్డు చేసిన మాటలను వాడేవారు కాదు. మొత్తం శబ్దాన్ని తర్వాత స్టూడియోలో చేర్చేవారు. అందువల్ల సెట్ మీద ఇంగ్లిష్ నటుడు ఇంగ్లిష్‌లో, ఇటాలియన్ నటుడు ఇటాలియన్‌లో డైలాగు చెప్పినా ఇబ్బంది ఉండేది కాదు. ఇటలీ ప్రతిలో కాటన్ గొంతు వేరొకరిది. ఇంగ్లిష్ ప్రతిలో కస్సినెల్లికి వేరొకరి గొంతు. ‘అసలు భాష’ అంటూ ఒకటి లేని సినిమాలివి. డబ్బింగ్‌తో పెరిగిన మనకు ఇందులో వింతేమీ కనిపించకపోవచ్చు గానీ, అసలు ప్రతి ఏది అన్న ప్రశ్న వచ్చినప్పుడు ఈ సంగతి చిక్కు తెచ్చిపెడుతుంది. పైగా పుట్టుకతోనే ఏ భాషకూ చెందని సినిమాను కత్తిరించి, అతికించి, కొత్త గొంతులు పెట్టడం కొనుక్కున్నవాడికి చాలా తేలిక. సంగీతం లుచానో మికెలీనీది. ఈయన 1974లో మార్తీనో చిత్రం ‘లా బెల్లిస్సిమా ఎస్తాతె’ కోసం కట్టిన ‘ఫ్రాలిక్’ అనే చిన్న బాణీ, పాతికేళ్ళ తర్వాత ‘కర్బ్ యువర్ ఎంథూసియాజమ్’ అనే అమెరికన్ టీవీ హాస్యధారావాహికకు ఆరంభ సంగీతమై లోకమంతా మోగింది. ఆ బాణీ విన్నవారిలో నూటికి ఒక్కరికైనా దాని మూలం ఒక ఇటాలియన్ కన్నీటి చిత్రమని తెలిసి ఉండదు.

అమెరికాలో సినిమాను కొన్నది నిర్మాత రాజర్ కార్మన్ స్థాపించిన న్యూ వరల్డ్ పిక్చర్స్. ఈ సంస్థ స్వభావం విచిత్రమైనది. ఒక చేత్తో బెర్గ్‌మన్ ‘క్రైస్ అండ్ విస్పర్స్’ను, ఫెల్లీనీ ‘అమార్కోర్ద్’ను, అలాంటి కళాచిత్రాలను అమెరికన్ ప్రేక్షకులకు గౌరవంగా అందించి, మరో చేత్తో కార్లలోనే కూర్చుని సినిమా చూసే డ్రైవ్-ఇన్ థియేటర్ల కోసం చవక చిత్రాలను గుట్టలుగా విడుదల చేసేది. 1980లో చేపమనుషుల మీద సొంతంగా ‘హ్యుమనాయిడ్స్ ఫ్రమ్ ద డీప్’ అనే చిత్రాన్ని కూడా తీసింది. కాబట్టి ఈ సరుకు తమ ప్రేక్షకులకు ఎలా కావాలో తమకు తెలుసని ఆ సంస్థ వారి నమ్మకం. మార్తీనో సినిమా వారికి మరీ నెమ్మదిగా, మరీ మర్యాదగా కనిపించింది, రక్తం చాలలేదు. అందుకని మిల్లర్ డ్రేక్ చేత పది పన్నెండు నిమిషాల కొత్త ఆరంభాన్ని తీయించారు. కామెరాన్ మిచెల్, మెల్ ఫెరర్ పోషించిన పాత్రలు నిధి కోసం దీవికి వచ్చి చేపమనుషుల చేతుల్లో చనిపోవడమే ఆ ఘట్టం. చంపుళ్ళకు కావలసిన మేకప్ పనిని క్రిస్ వాలస్ చేశాడు. కొన్నేళ్ళకు ‘ద ఫ్లై’ చిత్రానికి ఆస్కార్ అందుకున్నవాడు ఈయనే. ఈ కొత్త నిమిషాలకు చోటు ఇవ్వడానికి మార్తీనో తీసినదానిలో చాలా భాగం కత్తెరపాలైంది.

ఈ మార్పు వల్ల జరిగిన నష్టం నిడివికి సంబంధించినది కాదు. ఇటలీ ప్రతిలో చేపమనిషి పూర్తి రూపం కోసం ప్రేక్షకుడు ఎదురుచూస్తాడు. పడవలోని ఖైదీలకు ఎంత తెలుసో అతనికీ అంతే తెలుసు. అమెరికా ప్రతిలో మొదటి రీలులోనే జీవి వచ్చి గొంతు చీల్చేస్తుంది. ఆపైన పడవ, పొగమంచు, గోళ్ళ చెయ్యి వచ్చేసరికి ప్రేక్షకుడికి జవాబు ముందే తెలిసిపోయి ఉంటుంది, ఆ తెలిసినదాన్ని పాత్రలు కనుక్కునేదాకా ఓపిక పట్టవలసి వస్తుంది. సినిమా నెమ్మదిగా ఉందని వేగం పెంచబోయి, నెమ్మదితనానికి ఉన్న ప్రయోజనాన్ని తీసేశారు. మరింత తమాషా ఏమిటంటే, కొత్తగా తీసిన హత్యల రక్తపాతానికీ, ఆ తర్వాత వచ్చే పాతకాలపు సాహసకథ తీరుకూ పొంతన కుదరలేదు. వెర్న్ నవలకు ఎవరో కసాయి దుకాణం అట్ట వేసినట్టుంటుంది.

అయినా మొదటి పేరుతో జనం రాలేదు. అప్పుడు న్యూ వరల్డ్‌లో ప్రచారం పని చూస్తున్న జిమ్ వినోర్‌స్కీ, సినిమాకు ‘స్క్రీమర్స్’ అని పేరు పెట్టి, మనిషి శరీరం లోపలి భాగం బయటికి తిరిగిపోవడాన్ని కళ్ళారా చూస్తారని ప్రకటించాడు. అలాంటి మనిషి సినిమాలో లేడు. ట్రైలర్ కోసం ప్రత్యేకంగా మేకప్ చేయించి ఆ ముక్కను తీశారు. తర్వాతి కాలంలో వినోర్‌స్కీ చెప్పిన కథనం ప్రకారం, టిక్కెట్టు కొని వచ్చినవారు ప్రకటనలోని మనిషి ఏడని థియేటర్ల మీద తిరగబడడంతో, ఆ ట్రైలర్ ముక్కను హడావుడిగా ప్రింట్లలో అతికించి పంపవలసి వచ్చింది. ప్రచారవేత్తలు తమ పాత ఘనకార్యాలను చెప్పేటప్పుడు కాస్త ఉప్పూకారం చల్లడం సహజమే గనుక, ఈ కథను ఆ మేరకు తగ్గించి వినాలి. అయినప్పటికీ ఈ పరిశ్రమ తర్కాన్ని ఇంత బాగా చూపే ఉదంతం మరొకటి దొరకదు. ఇటలీలో లేని సినిమాను పోస్టరు చూపి అమ్మారు. కొనుక్కున్నవాళ్ళు ఉన్న సినిమాలో లేని దృశ్యాన్ని చూపి మళ్ళీ అమ్మారు.

మార్తీనో ఆ తర్వాత కూడా ఆగకుండా పనిచేశాడు. 1983లో ‘2019: న్యూయార్క్ పతనం తర్వాత’ అనే అర్థం వచ్చే పేరుతో ప్రళయానంతర చిత్రం తీశాడు. 1985లో ఆయనదే మరో చిత్రం కోసం అమెరికాలోని ఆరిజోనాలో షూటింగ్ జరుగుతుండగా హెలికాప్టర్ కూలి కస్సినెల్లి మరణించాడు. ఇటలీలో కింది అంచె థియేటర్లు ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఏ టీవీ తన ప్రేక్షకులను ఎత్తుకుపోయిందో, ఆ టీవీకే మార్తీనో సినిమాలు తీయవలసి వచ్చింది. 1995లో టీవీ కోసం ‘లా రెజీనా దెల్యీ ఉవోమినీ పెషె’, అంటే చేపమనుషుల రాణి, అనే చిత్రం తయారైంది. శిథిలనగరం నుంచి పారిపోయిన ఇద్దరు పిల్లలు చేపమనుషుల మధ్యకు చేరే కథ అది. అందులో శిథిలనగరాన్ని 1983 నాటి చిత్రం నుంచి తీసి వాడుకున్నారు. చేపమనుషులను 1979 నాటి చిత్రం నుంచి తీసుకున్నారు. పదహారేళ్ళ కిందటి అవే రబ్బరు తొడుగులు, అదే మసక నీటిలో, అదే బొమ్మ నగరం మీదుగా మరోసారి ఈదాయి.